కువైట్‌లో మా బడి, అబ్బాజాన్ గది

కడప, రాయచోటి ప్రాంతపు ముస్లిం కుటుంబాల్లో కువైట్‌తో ముడిపడని ఇల్లు అరుదు. అక్కడ ఉండి వచ్చినవారో, ఇప్పుడు ఉన్నవారో, వీసా కోసం ఎదురుచూస్తున్నవారో ఇంటికి ఒకరైనా ఉంటారు. గోదావరి జిల్లాల్లోని అనేక గ్రామాల్లోనూ ఇదే పరిస్థితి. అకామా, కఫీల్, బతాకా, ఖద్దామా వంటి అరబీ మాటలు మన ఆడవారి నోట సొంత మాటలంత సులువుగా పలుకుతాయి. ఈ ఇళ్లన్నింటిలోనూ కువైట్ అంటే పని. పనికి వెళ్తారు, డబ్బు పంపుతారు, ఒకనాటికి తిరిగి వస్తారు. మా సంగతి కొంత వేరు. మేము కువైట్‌లో బడికి వెళ్లినవాళ్లం.

మేము అక్కాతమ్ముళ్లం. అబ్బాజాన్ 1977లో కువైట్ చేరి, షువైఖ్ పారిశ్రామికవాడలో మోటారు విడిభాగాల గోదాములో స్టోర్ కీపరుగా కుదిరారు. 1981లో అమ్మీనీ, నాలుగేళ్ల అక్కనూ, ఒడిలోని తమ్ముణ్ణీ పిలిపించుకున్నారు. అప్పటి నుంచి 1990 ఆగస్టు వరకు సాల్మియాలోని ఒక పాత భవనం రెండో అంతస్తులో రెండు గదుల వాటా మా ఇల్లు. ఆ తరువాత ముప్పై నాలుగేళ్లకు, 2024 నవంబరులో, బంధువు ఒకరు పంపిన సందర్శక వీసాపై మళ్లీ ఆ నేలపై అడుగుపెట్టాము.

చిన్ననాటి జ్ఞాపకాల కోసమే అయితే ఇంత ఖర్చుకు సిద్ధపడేవాళ్లం కాము. మా ఖాలా కొడుకు ఒకడున్నాడు, మాకు తమ్ముడి వరుస. ముప్పై రెండేళ్లు, ఇద్దరు చిన్నపిల్లలు. అతనికి షువైఖ్‌లోనే ఒక గోదాములో 220 దీనార్ల జీతానికి పని కుదిరే అవకాశం వచ్చింది. మన లెక్కలో అది అరవై వేల రూపాయలు. "ఆపా, భాయ్, మీరు అక్కడే కదా చదువుకున్నారు. పిల్లలను కూడా తీసుకువెళ్లి మీరు చదివిన బడిలోనే వేస్తాను. ఒకసారి చూసి వచ్చి చెప్పండి" అన్నాడు. అతని అమ్మ, అంటే మా ఖాలా, పక్కన కూర్చుని మా ముఖాలే చూస్తోంది. అందుకని వెళ్లాము.

విమానం దిగి సాల్మియాకు పోతుంటే మాకు గుర్తున్నది ఏదీ కనిపించలేదు. మేము ఉన్న రోజుల్లో లేని ఎత్తైన మేడలు, మేము ఎరుగని రహదారుల వలయాలు. సముద్రం ఒడ్డుకు వచ్చాక మాత్రం కువైట్ టవర్లు కనిపించాయి. నీలం, ఆకుపచ్చ పలకలు తాపడం చేసిన ఆ గోళాలు పొద్దున్నే బడి బస్సు కిటికీలోంచి మాకు కనిపించేవి. వాటిలో పెద్దది 187 మీటర్ల ఎత్తు. 1979లో జనానికి తెరిచారు. ఆ గోళాల్లో నీళ్లు నిల్వ ఉంటాయని టీచరు చెప్పినప్పుడు, అంత అందమైన నీళ్ల ట్యాంకు మన ఊళ్లో ఎందుకు లేదని తమ్ముడు అడిగాడట. ఈ మాట అమ్మీ చివరి వరకూ చెప్పి నవ్వుతుండేది.

మా బడి ఒక అద్దె విల్లాలో ఉండేది. ఇంట్లోని పెద్ద గదులను తడికెలతో రెండేసి చేసి తరగతులు నడిపేవారు. ముంగిట ఇసుక, ఇసుకలో ఒక ఖర్జూరపు చెట్టు, దాని నీడలో మంచినీళ్ల కూలరు. కేరళ పిల్లలు ఎక్కువ, తరువాత గోవా, బొంబాయి పిల్లలు. తెలుగువారం తరగతికి ఇద్దరో ముగ్గురో. ఇంగ్లీషు, హిందీ, అరబీ ఉండేవి. తెలుగు లేదు. అబ్బాజాన్ గోదాము నుంచి విడిభాగాల అట్టపెట్టెలు తెస్తే, అమ్మీ వాటి లోపలి వైపు ఓనమాలు రాసి మా చేత దిద్దించేది. మేము ఇంట్లో మాట్లాడేది ఉర్దూ అయినా, నానీ ఉత్తరాలు తెలుగులో వచ్చేవి. నానీకి చదువు రాదు. ఊరి పంతులుగారి చేత రాయించేది. ఆ ఉత్తరం మేము చదివి వినిపించగలగాలన్నది అమ్మీ పట్టుదల. ఒత్తు తప్పు చదివితే మళ్లీ మొదటి నుంచి.

అప్పట్లో వారాంతపు సెలవు గురువారం, శుక్రవారం. 2007లో దానిని శుక్ర, శనివారాలకు మార్చారు. గురువారం అబ్బాజాన్‌కు సగం రోజు పని ఉండేది. శుక్రవారం జుమా తరువాత ఆయన మమ్మల్ని సముద్రపు ఒడ్డుకు తీసుకువెళ్లేవారు. దారిలో ఫలాఫెల్ చుట్టిన రొట్టె కొనిపెట్టేవారు. తాను తినేవారు కాదు. ఆకలి లేదనేవారు.

ఆ విల్లా ఇప్పుడు లేదు. ఆ స్థలంలో పది పన్నెండు అంతస్తుల భవనం లేచింది, కింద క్రీడా సామగ్రి దుకాణం. బడి మరో పేటకు తరలి పెద్ద భవనంలో నడుస్తోంది. గేటు దగ్గర పాత విద్యార్థులమని చెప్పినా ముందస్తు అనుమతి లేనిదే లోపలికి పంపలేమన్నారు. అది సబబే. పిల్లలున్న చోట అంత జాగ్రత్త ఉండవలసిందే. బడి వదిలే వేళ దాకా ఎదురుగా నీడన నిలబడ్డాము. బస్సులు వరుసగా వచ్చి ఆగాయి. బ్యాగుల బరువుకు ముందుకు వంగి నడిచే పిల్లలు, మలయాళం, హిందీ, ఇంగ్లీషు కలగలిసిన కేకలు. ఒక పాప తెలుగులో తన చెల్లెల్ని కసురుకుంటూ మా ముందు నుంచే పోయింది. ఇక్కడ మనకు చోటు ఉందనే అనిపించింది ఆ క్షణాన. ఖాలా కొడుకుకు ఫొటో తీసి పంపాము.

సాయంత్రం మేము దిగిన ఇంట్లో బంధువు అసలు విషయం చెప్పాడు. ఆయన ఇంజినీరు, కుటుంబంతో ఉంటున్నాడు. భార్యాపిల్లలను తెచ్చుకునే వీసాకు ఉద్యోగి జీతం ఇంత ఉండాలని ఒక హద్దు ఉంది. 2016కు ముందు అది 250 దీనార్లు. ఆ ఏడాది 450 చేశారు. 2019లో 500. 2022లో ఈ వీసాలనే నిలిపివేసి, 2024 జనవరిలో తిరిగి తెరిచినప్పుడు 800 దీనార్లు చేశారు. కొన్ని వృత్తులవారికి మినహాయింపులున్నాయి. స్టోర్ కీపరు వాటిలో లేడు.

ఆ లెక్క విన్నాక మాకు చాలాసేపు మాట రాలేదు. అబ్బాజాన్ చేసిన పని అదే, చేసిన పేట అదే. అదే పనికి అదే పేటలో ఇవాళ చేరేవాడు తన పిల్లలను ఆ బడి గేటు దాకా తీసుకురాలేడు. ఏ దేశానికైనా తన గడప దాటి ఎవరు రావాలో నిర్ణయించుకునే హక్కు ఉంది. పరాయివారి సంఖ్య సొంతవారి సంఖ్యను మించిపోయిన చిన్న దేశానికి ఆ బెంగ ఉండడమూ సహజమే. కానీ మనిషి కష్టం కావాలి, ఆ మనిషి కుటుంబం అక్కరలేదు అనే ఏర్పాటును న్యాయమని మేము ఒప్పుకోలేము. చెమట ఆరకముందే కూలి చెల్లించమన్న దైవప్రవక్త (స) బోధను ప్రతి జుమాలో వినే సమాజం, ఆ కూలివాని ఇంటి గురించి కూడా ఆలోచించాలని కోరడం అత్యాశ కాదు.

మరునాడు ముబారకియా బజారుకు వెళ్లాము. 2022లో అగ్నిప్రమాదంలో ఈ పాత బజారులో కొంత భాగం కాలిపోయింది. మిగిలిన సందుల్లో మాత్రం ఖర్జూరాలు, కుంకుమపువ్వు, సాంబ్రాణి వాసనలు మా చిన్ననాటివే. అత్తరు దుకాణంలో ఒక వృద్ధ కువైటీ మమ్మల్ని చూసి బొంబాయి హిందీలో పలకరించాడు. వారి నాన్న ఓడలో ఖర్జూరం వేసుకుని బొంబాయికి, కాలికట్‌కు పోయి టేకు, కొబ్బరి పీచు తెచ్చేవాడట. నూనె బయటపడక ముందు కువైట్ బతుకు ముత్యాల మీద, ఆ ఓడల మీద నడిచింది. 1961 దాకా అక్కడ చెల్లింది మన రూపాయే. గల్ఫ్ దేశాల కోసం 1959లో రిజర్వు బ్యాంకు ప్రత్యేకంగా ముద్రించిన నోట్లు కూడా ఉండేవి. ఫ్యానును వారు నేటికీ 'బాంకా' అంటారు. మన పంఖాయే అది. ముసలాయన ఈ సంగతులన్నీ చెప్పి, "మీ ఊరికి మేము పనికి వచ్చేవాళ్లం, ఇప్పుడు మీరు మా ఊరికి వస్తున్నారు" అన్నాడు. అక్క అత్తరు కొంది. ఆయన డబ్బు తీసుకోవడానికి ఒక పట్టాన ఒప్పుకోలేదు.

మస్జిదె కబీర్‌లో అస్ర్ నమాజు చేశాము. 1986లో అది ప్రారంభమైనప్పుడు అబ్బాజాన్ భుజాల మీద కూర్చుని తమ్ముడు దాని గుమ్మటం చూశాడు. 43 మీటర్ల ఎత్తు. అంతటి విశాలమైన చోట కూడా నమాజు తరువాత గోడకు ఆనుకుని కునుకు తీస్తున్న కూలీలే ఎక్కువమంది కనిపించారు.

సాల్మియాలో మేము ఉన్న భవనం ఇంకా నిలిచే ఉంది. రంగు మారింది, మెట్లు మారలేదు. ఆ మెట్ల మీద మా కంటికి ముందు కనిపించింది మా ఇల్లు కాదు, కింది వాటాలో ఉన్న పాలస్తీనా కుటుంబం. 1990 ఆగస్టు 2, గురువారం తెల్లవారుజామున ఇరాక్ సైన్యం ప్రవేశించిన రోజు, ఏం జరుగుతున్నదో తెలియక అమ్మీ మమ్మల్ని మంచం కిందికి నెట్టింది. తలుపు తట్టి రేడియోలో విన్నది చెప్పినది ఆ ఇంటి పెద్దావిడే. బడికి వేసవి సెలవులు. టికెట్టు డబ్బు మిగులుతుందని ఆ ఏడు మేము ఊరికి రాలేదు. మూడు వారాలు ఇంట్లోనే ఉన్నాము. రొట్టెల దుకాణం ముందు బారులు తీరేవారు. ఆవిడ తన కొడుకును తెల్లవారక ముందే వరుసలో నిలబెట్టి, తెచ్చినదానిలో సగం పైకి పంపేది.

ఆ తరువాత ప్రయాణం. బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దుకు బస్సులో, అక్కడి ఎడారి శిబిరంలో గుడారం కింద, ఆపై అమ్మాన్ విమానాశ్రయం. ఎయిరిండియా విమానాలు రెండు నెలల్లో దాదాపు 1,70,000 మంది భారతీయులను అక్కడి నుంచి తరలించాయి. ప్రయాణాల సంఖ్య 488. పౌరులను విమానాల్లో తరలించడంలో ప్రపంచంలో అంతటిది మరొకటి లేదంటారు. ఆ లెక్కలు మాకు తరువాత తెలిశాయి. అప్పుడు మాకు తెలిసింది దాహం ఒక్కటే. బొంబాయిలో దిగినప్పుడు మా చేతిలో ఉన్నవి రెండు సంచులు, అమ్మీ కొంగున కట్టుకున్న నాలుగు గాజులు, అక్క ఏడో తరగతి మార్కుల కాగితం. బడి నుంచి ఇక బదిలీ పత్రం రాదని, ఆ కాగితమే ఆధారమని అమ్మీ దానిని ప్లాస్టిక్ కవరులో చుట్టి వీపున కట్టుకుని తెచ్చింది. రాయచోటిలో ఆ కాగితం చూసే అక్కను ఎనిమిదో తరగతిలో చేర్చుకున్నారు.

కొన్నేళ్ల తరువాత ఐక్యరాజ్యసమితి పరిహార సంఘం ద్వారా మావంటి కుటుంబాలకు సొమ్ము అందింది. మా ఇద్దరి కాలేజీ చదువుకు అదే ఆధారమైంది. కింది వాటావారికి ఏమైందో మాకు తెలియదు. ఇరాక్‌ను పాలస్తీనా నాయకత్వం సమర్థించిందన్న ఆగ్రహం అక్కడి పాలస్తీనా ప్రజల మీద పడింది. యుద్ధానికి ముందు కువైట్‌లో దాదాపు నాలుగు లక్షలుగా ఉన్న వారి సంఖ్య, యుద్ధం తరువాత కొన్ని పదుల వేలకు పడిపోయింది. మేము పారిపోయి రావడానికి మాకొక ఊరు ఉంది, ఉత్తరం రాయించే నానీ ఉంది. రొట్టెలో సగం పంచినవారికి ఆ పాటి కూడా లేదు. ఆ గుమ్మం దగ్గర ఇప్పుడు ఒక ఫిలిపినో కుటుంబం చెప్పులు ఉన్నాయి. అక్క అక్కడే నిలబడి దుఆ చేసింది.

అబ్బాజాన్ 1992లో మళ్లీ కువైట్ వెళ్లారు. ఈసారి ఒంటరిగా. 1999 వరకు ఏడేళ్లు ఉన్నారు. ఖైతాన్‌లో గది అని తప్ప మాకు ఆ ఏడేళ్ల గురించి ఏమీ తెలియదు. ప్రతి ఉత్తరంలోనూ ఒకే వాక్యం ఉండేది, గది బాగుంది, గాలి బాగా వస్తుంది అని. కవర్ల మీద పోస్టు బాక్సు సంఖ్యే కానీ వీధి పేరు ఉండదు. ఆయనతో గదిలో ఉన్న ఒక పెద్దాయన ఇప్పటికీ రాయచోటిలో ఉన్నారు. మస్జిదు వెనుక మూడో సందు, మెట్ల కింద బకాలా దుకాణం అని ఆయన చెప్పిన గుర్తులతో శుక్రవారం జుమా తరువాత వెతుక్కుంటూ వెళ్లాము.

భవనం దొరికింది. మెట్ల కింద బకాలా కూడా ఉంది. కాపలా హారిస్, ఈజిప్టు మనిషి, మర్యాదగానే చెప్పాడు. మీద అంతా మగవారి గదులు, ఆడవారు రాకూడదు. అక్క కిందనే ఆగింది. తమ్ముడు మూడో అంతస్తుకు వెళ్లాడు. ఆ గదిలో ఇప్పుడు ఉన్నవారిలో ఇద్దరు మన రాయచోటివారే, ఒకరిది రాజోలు. మేకుకు వేలాడే చొక్కాలు, మంచాల కింద అట్టపెట్టెలు, మూలన బియ్యం బస్తా. గదికి ఒకటే కిటికీ ఉంది. ఆ కిటికీ నిండా ఏసీ బిగించి, చుట్టూ చెక్క కొట్టి ఉంది. చెక్క పాతది. అబ్బాజాన్ కాలం నుంచే అలా ఉందా అని తమ్ముడు అడిగితే, చాలా ఏళ్లుగా అంతేనని హారిస్ చెప్పాడు. తమ్ముడు దిగి వచ్చి అక్కతో గది శుభ్రంగా ఉందన్నాడు. గాలి సంగతి అక్క అడిగింది. దానికి మాత్రం జవాబు రాత్రి ఇంటికి వెళ్లాక చెప్పాడు.

ఆ ఏడు జూన్ 12న మంగఫ్‌లో ఇటువంటి కార్మికుల వసతి భవనంలోనే నిప్పంటుకుని కనీసం 45 మంది భారతీయులు చనిపోయారు. వారిలో మన ఆంధ్రప్రదేశ్ వారు ముగ్గురు. గదిలోని యువకులు ఆ మాట ఎత్తలేదు. తమ్ముడు కూడా అడగలేదు. కానీ మెట్ల మీద అడ్డంగా సామాన్లు ఉన్నాయా లేవా అని చూస్తూ దిగాడు.

రాయచోటి యువకుల్లో ఒకరు షువైఖ్‌లో స్టోర్ కీపరు. అబ్బాజాన్ చేసిన పనే. మమ్మల్ని వీధి చివర ఉన్న ఆంధ్రా హోటలుకు తీసుకువెళ్లి చాయ్ తాగించాడు. ఆయన లెక్క ఇది. జీతం 230 దీనార్లు. పడకకు 25, తిండికి 40, ఫోనుకు, బస్సుకు 15. మిగిలినదంతా ఊరికే. ఆరేళ్లుగా ఉన్నాడు, రెండుసార్లు వెళ్లి వచ్చాడు. మూడో తరగతి చదివే కూతురు, ఒడిలో కొడుకు. కొడుకును ఎత్తుకున్నది మొత్తం నలభై రోజులు. ఈ సంఖ్యను ఆయన వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాడు. జీతం ఆలస్యమైనా నోరెత్తని మనిషి, ఇంటి అద్దె పెరిగినా తట్టుకునే మనిషి, ఆ నలభై దగ్గర మాత్రం గొంతు సవరించుకున్నాడు.

అక్కడి నుంచే ఖాలా కొడుకుకు ఫోను చేసి ఈ అంకెలన్నీ చెప్పాము. వెళ్లమనీ, వద్దనీ చెప్పలేదు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాము, బడి మాట ఈ లెక్కలోంచి తీసివేయమని. పిల్లలు రాయచోటిలో ఉంటారు, నువ్వు ఒక్కడివే ఇక్కడ ఉంటావు, అది సమ్మతమేనా అని నీ భార్యనూ కూర్చోబెట్టి మాట్లాడు అన్నాము. "అబ్బాజాన్ ఏడేళ్లు ఉన్నారు కదా ఆపా" అన్నాడు. ఉన్నారు. అక్క ఫోను తమ్ముడికి ఇచ్చింది.

కువైట్‌లో సాయంత్రం అయిదు అయితే మనకు ఏడున్నర. హోటల్లో ఉండగానే ఆ యువకునికి కూతురి వీడియో కాల్ వచ్చింది. రోజూ అదే వేళ అట. ఫోనును చక్కెర డబ్బాకు ఆనించి నిలబెట్టాడు. పాప తీసివేతల లెక్కలు ముందు పెట్టుకుని కూర్చుంది. పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకునే దగ్గర తడబడుతోంది. అక్క బడిపంతులమ్మ కదా, ఉండబట్టలేక ముందుకు వంగి ఒక లెక్క చెప్పింది. పాప మమ్మల్ని పరీక్షగా చూసి, వీళ్లెవరని అడిగింది.

"మన ఊరివాళ్లే బేటా. చిన్నప్పుడు ఇక్కడే చదువుకున్నారు."

"అక్కడ కూడా బళ్లుంటాయా అబ్బూ?"

ఆయన మా వైపు చూడలేదు. "ఉంటాయి. రెండో లెక్క చెయ్యి" అన్నాడు.